డైచ్ వెళ్లాక బర్న్‌లీ పుంజుకున్నది మేనేజర్ మార్పు వల్లేనా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో, 2021-22 సీజన్‌లో బర్న్‌లీ క్లబ్ లెక్క నాకు తెగడం లేదు. తొమ్మిదేళ్లకు పైగా మేనేజర్‌గా ఉన్న షాన్ డైచ్‌ని, ఇంకా 8 మ్యాచ్‌లు ఉండగా 2022 ఏప్రిల్ 15న తీసేశారు. అప్పటికి 30 మ్యాచ్‌ల్లో 24 పాయింట్లు (గెలిస్తే 3, డ్రా అయితే 1). మైక్ జాక్సన్ తాత్కాలికంగా పగ్గాలు పట్టాక మొదటి 4 మ్యాచ్‌ల్లోనే 10 వచ్చాయి. వాట్‌ఫర్డ్‌లో అయితే 83వ నిమిషం దాకా 0-1తో వెనకబడి ఉండి 2-1తో గెలిచారు. చివరి 4లో ఒక్కటే పాయింట్, 18వ స్థానం, రెలిగేషన్ (కింది లీగ్‌కి దిగిపోవడం).

ముందు సగటు తీశాను: మ్యాచ్‌కి 0.8 నుంచి 1.375కి పెరిగింది. కానీ ప్రత్యర్థులు వేరు కదా. అందుకని అవే జట్లతో డైచ్ ఆడించిన మ్యాచ్‌లు పక్కన పెట్టి చూశాను. వెస్ట్ హామ్, సౌతాంప్టన్, వుల్వ్స్, వాట్‌ఫర్డ్‌లతో నాలుగూ డ్రా. స్పర్స్ (టాటెన్‌హామ్), న్యూకాజిల్ కూడా కలిపితే డైచ్‌కి 7 పాయింట్లు, జాక్సన్‌కి 10. ఆస్టన్ విల్లాతో రెండు మ్యాచ్‌లూ జాక్సన్ హయాంలోనే జరిగాయి, పోల్చడానికి లేదు.

ఇక్కడే ఆగిపోయాను. సొంత మైదానం, బయటి మైదానం తారుమారయ్యాయి. పైగా జనవరిలో స్ట్రైకర్ (గోల్స్ కొట్టే ఆటగాడు) క్రిస్ వుడ్ వెళ్లి, అతని బదులు వెగ్‌హోర్స్ట్ వచ్చాడు. 2016 నుంచి ఆ చిన్న క్లబ్‌ని పై లీగ్‌లో నిలబెట్టిన డైచ్‌ని నాలుగు మ్యాచ్‌ల ఊపు చూసి తక్కువ చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంత తక్కువ మ్యాచ్‌ల్లో మైదానం, ప్రత్యర్థి బలం ప్రభావాన్ని తీసేసి మేనేజర్ మార్పు వల్ల వచ్చిన తేడాని మాత్రమే లెక్కగట్టడానికి ఏ పద్ధతి వాడాలి?