‘చస్తే’ అనాలా, ‘చచ్చినప్పుడు’ అనాలా? కార్డు మీద మాట కుదరడం లేదు

మాది పర్లాకిమిడి. నేనూ తమ్ముడూ మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడుతుంటాం. ఈ సెలవుల్లో ఇంట్లో ఆడుకోడానికి మా ఊరి కార్డులు కొన్ని తెలుగులో చేస్తున్నాం. మొదటిది ‘కొమ్ము ఏనుగు’. ఇక్కడ పశువుల కొమ్ముతో చేసే బొమ్మలు చూస్తే వచ్చిన ఆలోచన.

దాని మీద “ఈ ఏనుగు చస్తే డెక్కులోంచి ఒక కార్డు తీసుకో” అని రాశాను. తమ్ముడు అక్కడే పట్టుకున్నాడు. ఇంగ్లీషు కార్డుల్లో ‘వెన్’ అంటే ఆ సంగతి జరిగాక ప్రభావం స్టాక్ మీదికి, అంటే అమలయ్యేదాకా వేచి ఉండే వరసలోకి వెళ్తుంది, అవతలివాడు ఈలోగా ఏదైనా వేయొచ్చు. ‘ఇఫ్’, ‘ఇన్‌స్టెడ్’ కలిసొస్తే అసలు జరగాల్సింది జరగదు, దాని బదులు ఇంకొకటి జరుగుతుంది. మన ‘చస్తే’ రెండింటికీ సరిపోతోంది, అదే తంటా. ‘చచ్చినప్పుడు’, ‘చావడానికి బదులు’ అని విడదీస్తే చాలా?

‘టార్గెట్’కీ మాట దొరకలేదు. ‘ఎంచుకున్న’ అంటే ‘చూజ్’తో కలిసిపోతుంది. హెక్స్‌ప్రూఫ్ అనే రక్షణ ఉన్న జీవిని ఎదుటివాడు టార్గెట్ చేయలేడు గానీ చూజ్ చేయగలడు, కాబట్టి తేడా ఉండాల్సిందే. ‘గురి’ అందామంటే, వేటకెళ్తున్నారా అని నాన్న ఒకటే నవ్వు.

ఇంకోటి. కార్డు 63 మి.మీ. వెడల్పు, 88 మి.మీ. ఎత్తు. వరసలు దగ్గర చేస్తే పైవరస వత్తులు కింది వరస గుడుల్లో చిక్కుకుంటున్నాయి. జిరాక్స్ షాపులో తీసిన మొదటి ప్రింటు ఇలాగే పాడైంది. చిన్న సైజులోనూ చదవగలిగే తెలుగు ఫాంటు ఏది వాడాలో చెప్పండి.