రెజిన్ పోసిన కటింగ్ బోర్డు మీద కూరగాయలు తరగొచ్చా?

పుత్తూరు అక్క:
మా చెల్లెలి గృహప్రవేశానికి టేకు బోర్డు ఇచ్చినా, మధ్యలో ఏరు మాదిరి నీలం రెజిన్, అదే పోసినాక గట్టిపడే ప్లాస్టిక్ లాంటిది. ‘కటింగ్ బోర్డు, ఫుడ్ సేఫ్’ అని చెప్పి 2,200 తీసుకున్నారు. అది రోజూ దానిమీదే ఎర్రగడ్డలు తరుగుతా ఉంది. ఇప్పుడు నీలం మీదంతా కత్తి గీతలు, వేలితో రుద్దితే తెల్లగా పొడి వస్తాది. ఆ పొడి కూరలోకే కదా పోతాది?

కొర్లగుంట చెక్కపని:
అక్కా, ఆరేళ్లుగా ఇదే పని నాది. రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కొలత తప్పకుండా కలిపి, 24 గంటలకి చేతికి అంటకపోయినా వారం రోజులు ముట్టకుండా పెడితే, పూర్తిగా గట్టిపడినాక ఏం కాదు. కొందరు రెండో రోజే ప్యాక్ చేసి ఇచ్చేస్తారు, వాళ్లవల్ల మాకందరికీ చెడ్డపేరు.

పలమనేరు కుర్రోడు:
కత్తిపీట ఉండగా ఈ తిప్పలెందుకు అన్నా

చిత్తూరు కెమిస్ట్రీ సార్:
గట్టిపడడం వేరే, కత్తికి ఆగడం వేరే. అందరూ చూపించే అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 175.300 నిబంధన, పూతలోంచి ఆహారంలోకి ఎంత దిగుతుందో కొలిచేది. దానిమీద తరగొచ్చని అందులో ఎక్కడా లేదు. పైగా మీరు కలిపే రంగుపొడికి ఆ రెజిన్ డబ్బా మీది మాట వర్తించదు. ఈ రెజిన్ ఎపాక్సీ రకం, ఎక్కువ ఎపాక్సీలు బీపీఏ (బిస్ఫినాల్-ఎ) అనే రసాయనంతోనే తయారవుతాయి, యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో ఆహారానికి తగిలే వస్తువుల్లో దాన్ని కొన్ని మినహాయింపులతో నిషేధించింది కూడా.

కొర్లగుంట చెక్కపని:
మళ్లీ బీపీఏ! తిండి నింపే రేకు డబ్బాల లోపల ఎన్నో ఏళ్లుగా ఎపాక్సీ పూతే ఉండాది సార్, అది తినలేదా మనం?

చిత్తూరు కెమిస్ట్రీ సార్:
డబ్బా లోపల ఎవురన్నా కత్తి పెట్టి తరుగుతారా?

రేణిగుంట:
మా ఇంట్లో వేడి పొంగలి గిన్నె పెట్టినాం, అడుగు గుండ్రంగా అచ్చు పడింది. 60 డిగ్రీలకే మెత్తబడే రకాలున్నాయంట. ఆ మాట అమ్మేటప్పుడు చెప్పల్యా.

కొర్లగుంట చెక్కపని:
చెప్పేది సులభం సార్, మీకు ఒకటో తారీకు జీతం పడతాది. మే నెల ఎండకి కలిపిన రెజిన్ కప్పులోనే కాగి పొగలొచ్చి రాయైపోతే 1,800 నాకు పోయింది, ఎవురూ ఇవ్వల్యా. మొన్న ఒకాయన గ్రూపులో ‘విషం’ అని పెట్టినాడు, మూడు ఆర్డర్లు క్యాన్సిల్.

చిత్తూరు కెమిస్ట్రీ సార్:
విషం అన్నది నేను కాదు. సర్వింగ్ బోర్డు అని రాసి అమ్మొచ్చు కదా, అది నా ప్రశ్న.

కొర్లగుంట చెక్కపని:
అట్ల రాస్తే ట్రే అనుకుని 600కి అడుగుతారు! కటింగ్ బోర్డు అంటేనే రెండు వేలు ఇస్తారు. ఇదీ అసలు సంగతి, చాలా?

పుత్తూరు అక్క:
నాయనా, నా బాధ కూడా అదే. పండ్లు పెట్టుకునేదానికి అని చెప్పుంటే ఆ 2,200 ఇచ్చే కొనేదాన్ని. నేనిచ్చిన బోర్డు మీద మా చెల్లెలు బిడ్డకి క్యారెట్ తరిగి పెడతా ఉండాది.

శ్రీకాళహస్తి:
మటన్ కొట్టోళ్లు ఊరికే చింత మొద్దు పెట్టుకోలేదు

కొర్లగుంట చెక్కపని:
అక్కా, దానిమీద తరగడం ఆపమని చెప్పు. గీతలు సన్న పేపర్‌తో రుద్ది, పల్చగా ఇంకో పూత వేసి, నెల్రోజులు ఆరనిస్తే పండ్లకి పనికొస్తాది. ఇకమీద నేను పిడి వైపే రెజిన్ పోస్తా, తరిగే చోట వట్టి చెక్క, ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ పూసి ఇస్తా. రేటు తగ్గదు.

చిత్తూరు కెమిస్ట్రీ సార్:
చీటీ మీద ఏం రాస్తావు?

కొర్లగుంట చెక్కపని:
‘రంగు వైపు కత్తి పెట్టొద్దు, వేడి గిన్నె దించొద్దు.’ తెలుగులోనే రాస్తా సార్.