"చూడ చూడ రుచుల"నా, "చవిని చూడ రుచుల"నా?

నోవై నుంచి:
అందరికీ నమస్కారం. మూడు రోజుల నుంచి ఒక పాదం బుర్రలో తిరుగుతోంది, వేరే పని చేసుకోనివ్వట్లేదు. వేమన ఉప్పు కప్పురంబు పద్యమే, ఇక్కడ అందరికీ కంఠతా వచ్చిందే. కానీ రెండో పాదం నా నోట్లో చిన్నప్పటి నుంచి "చవిని చూడ రుచుల జాడ వేరు" అనే ఉంది. పుస్తకం తీస్తే "చూడ చూడ రుచుల" అని ఉంది. నాకు ఈ పద్యం చెప్పింది మా నాయనమ్మ. చక్కెరపొంగలి వండేటప్పుడు పచ్చకర్పూరం రేణువు ఒకటి, కల్లుప్పు పలుకు ఒకటి పక్కపక్కన నా అరచేతిలో పెట్టి, ఏది ఏదో నాలిక మీద వేసుకుని చెప్పమని, అప్పుడు పద్యం చదివింది. చవిని అనే చదివింది, నాకు గట్టిగా గుర్తు.

ఇప్పుడెందుకంటే, నేను ఉండేది మిషిగన్‌లో, బేస్‌బాల్ పిచ్చి ఉంది, ఇద్దరు సెకండ్ బేస్‌మన్లని (రెండో బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసేవాళ్ళని) పోలుస్తూ తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నా. ఒకరు మా డెట్రాయిట్ టైగర్స్ లూ విటకర్, రెండోవాడు షికాగో కబ్స్ రైన్ శాండ్‌బర్గ్. హిట్లు విటకర్‌వి 2369, శాండ్‌బర్గ్‌వి 2386. మొత్తం కెరీర్ మీద తేడా 17. ఆర్బీఐలు (తను బ్యాటింగ్ చేసి జట్టుకి తెచ్చిన పరుగులు) 1084, 1061. పరుగులు 1386, 1318. పేర్లు చేత్తో మూసేసి చూపిస్తే ఎవరిది ఏదో చెప్పడం కష్టం. అలాంటిది శాండ్‌బర్గ్‌ని 2005లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఆటలో మహామహుల వరసలో, కూర్చోబెట్టారు, విటకర్‌కి 2001లో వచ్చింది 2.9 శాతం ఓట్లు, 5 శాతం రాకపోతే మర్నాటి ఏడు లిస్టులో పేరే ఉండదు, అలా మొదటి ఏడే పోయాడు. ఈ సంగతికి ఈ పద్యం కన్నా తగిన శీర్షిక నాకు కనపళ్ళేదు. ఏ పాఠం పెట్టమంటారు?

ఛందోభిమాని:
చూడ చూడే, సందేహం లేదు. ఆ పాదం నిలబడింది ప్రాసయతి మీద, అంటే యతి చోట మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం. చూ కి జా కి హల్లు కలిసినా అచ్చు కలవదు, ఊ కి ఆ కి మైత్రి లేదు, కాబట్టి మామూలు యతి చెల్లదు. చూడ, జాడ, ఆ డకారం పట్టుకుని ఉంది. పద్యం ఆటవెలది, దానికి ఆ సౌకర్యం ఉందని వేరే చెప్పక్కర్లేదు. పాదం నోట్లో నిలిచిపోవడానికి కారణం కూడా అదే.

నోవై నుంచి:
గురువుగారూ అది ఒప్పుకుంటా, కానీ చవిని అంటే చ కి జా కి అసలు యతే కుదిరిపోతోంది కదా, ప్రాసయతి దాకా వెళ్ళే పనే లేదు. చవిని మూడూ లఘువులే, నగణం, అంటే సూర్యగణమే, ఆటవెలది లెక్క సరిపోయింది. ఛందస్సు రెంటినీ ఒప్పుకుంటోందిగా.

ఛందోభిమాని:
ఒప్పుకుంటుంది, కాదనను. కుదిరినంత మాత్రాన కవి అన్నట్టు కాదు. చవిని అన్నాక మళ్ళీ రుచులు ఎందుకండీ, రెండూ ఒకటే. వేమన అంత చిన్న పాదంలో ఒక మాట వృథా చెయ్యడు.

గోదారి గట్టు:
వృథా అంటే చూడ చూడ మాత్రం ఒకే మాట రెండుసార్లు కాదా? నా ఉద్దేశం ఇది, చాలా ఏళ్ళుగా అనుకుంటున్నా. మనకి చూడ్డం కంటితోనే కాదు, ఉప్పు చూడు, పులుపు చూడు అంటాం. మొదటి చూడ కంటిది, రెండో చూడ నాలికది. కంటితో చూస్తే ఒక్క పోలిక, నాలికతో చూస్తే వేరు. పద్యమంతా ఆ రెండు చూపుల మధ్యే ఉంది. ఈ అన్వయం ఎవరూ రాయగా నేను చూళ్ళేదు.

పాత బడిపంతులు:
అన్వయం బావుంది నాయనా, వ్యాకరణమే ఒప్పుకోదు. ఆమ్రేడితాన్ని, అంటే రెండుసార్లు వచ్చిన మాటని, రెండు ముక్కలు చేసి చెరో అర్థం ఇవ్వకూడదు. చూడ చూడ అంటే చూడగా చూడగా. పోను పోను, తినగ తినగ అన్నట్టు. ఒక్క చూపులో తేలదు, చూస్తూ ఉండగా ఉండగా తేలుతుంది అని. నేను ముప్పై ఏళ్ళు అలాగే చెప్పాను. దీనికన్నా ముందు మీరంతా వదిలేసిన అక్షరం ఇంకోటుంది. జాడ వేరు కాదు, జాడ వేఱు. భేదం అన్న అర్థంలో బండి ఱ ఉండాలి. వేరు అంటే చెట్టు వేరు. శీర్షికలో పెట్టేటప్పుడు అదన్నా సరిగ్గా పెట్టండి.

గోదారి గట్టు:
మాస్టారూ, ఆ రెంటికీ పలకడంలో తేడా పోయి ఎన్నాళ్ళయిందో మీకు తెలియంది కాదు. నోటి మీద తిరిగిన పద్యానికి బండి ఱ కాపలా ఎక్కడ కాస్తుంది. పోతే, వేరు అన్నా నాకు అందంగానే ఉంది, రుచుల జాడ పట్టుకుని వెళ్తే వేరు దొరుకుతుంది అని.

పాత బడిపంతులు:
అలా చదివితే వాక్యానికి క్రియ ఏది? తర్వాతి పాదంలో "వేఱయా" ఉంది, దాన్ని కూడా చెట్టు వేరు చేస్తారా?

రిగ్లీ పక్కన:
పద్యం సంగతి పెద్దలు తేలుస్తారు, నోవై అన్నగారు లెక్కలు సగమే చెప్పారు, షికాగో వాడిగా ఊరుకోలేను. శాండ్‌బర్గ్ దొంగిలించిన బేసులు (హిట్ లేకుండానే పరుగెత్తి చేరుకున్నవి) 344, విటకర్‌వి 143. హోమ్ రన్లు 282, 244. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు 9, 3. మేటి ఆటగాళ్ళని ఏరి ఆడించే ఆల్ స్టార్ ఆటలకి 10 సార్లు వెళ్ళాడు, విటకర్ 5. 1984లో నేషనల్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. 1990లో 40 హోమ్ రన్లు కొట్టి లీగ్‌లో అందరికన్నా పైన నిలిచాడు, సెకండ్ బేస్‌లో ఆడేవాడు! 1984 జూన్ 23న కార్డినల్స్‌తో ఆట, తొమ్మిదో ఇన్నింగ్‌లో ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు, ఎదురుగా బ్రూస్ సటర్, ఆట చివర్లో వచ్చి ముగించే పిచర్లలో ఆ రోజుల్లో వాడిని మించినవాడు లేడు, వాడి మీద హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. పదో ఇన్నింగ్‌లో కార్డినల్స్ మళ్ళీ రెండు పరుగులు ముందుకెళ్ళారు, ఇద్దరు అవుటయ్యాక ఒకడు బేస్ మీద ఉండగా అదే సటర్ మీద మళ్ళీ కొట్టి మళ్ళీ సమం చేశాడు. పదకొండో దాంట్లో కబ్స్ గెలిచారు 12-11. ఆ రోజు వాడివి 5 హిట్లు, 7 ఆర్బీఐలు. ఇప్పటికీ ఇక్కడ ఆ ఆటని వాడి పేరుతోనే పిలుస్తారు. 2025 జూలైలో పోయాడు, ఆ వారమంతా మనసు బాలేదు. కర్పూరం ఎవరో నాకు ఏ అనుమానం లేదు.

నోవై నుంచి:
తమ్ముడూ, శాండ్‌బర్గ్‌ని తగ్గించాలని కాదు, నేనూ బాధపడ్డా. కానీ నువ్వు చెప్పినవన్నీ కంటికి కనపడేవి. కనపడనిది ఒకటుంది, వాక్స్. విటకర్‌వి 1197, శాండ్‌బర్గ్‌వి 761. అంటే 436 సార్లు ఎక్కువగా, నాలుగు చెడ్డ బంతులు వదిలేసి నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్ళాడు. హిట్ అయితే జనం లేచి నిలబడతారు, వాక్‌కి ఎవరూ లేవరు, ఆ రోజుల్లో ఓట్లేసేవాళ్ళు కూడా లేవలేదు. అందుకే బ్యాటింగ్ సగటు చూస్తే శాండ్‌బర్గ్ .285, విటకర్ .276, కానీ బేస్ మీదకి చేరిన లెక్క, ఓబీపీ చూస్తే విటకర్ .363, శాండ్‌బర్గ్ .344. రిగ్లీ ఫీల్డ్‌లో బంతి బాగా లేస్తుందని తమ్ముడికి తెలుసు, ఆ మైదానాల తేడా తీసేసి బ్యాటింగ్‌ని లెక్కేసే ఓపీఎస్ ప్లస్ విటకర్‌కి 117, శాండ్‌బర్గ్‌కి 114. బ్యాటింగ్, ఫీల్డింగ్, పరుగు అన్నీ కలిపి ఆటగాడి విలువ కట్టే వార్ లెక్కలో విటకర్ 75, శాండ్‌బర్గ్ 68 దగ్గర.

ఇది టైప్ చేస్తూ ఉంటే ఇప్పుడే తట్టింది మాస్టారూ, వాక్ అంటేనే చూడ చూడ! బంతిని చూసి చూసి వదలడం. మీ చూడగా చూడగా అన్న అర్థం వీడికి అతికినట్టు సరిపోయింది. కానీ నాయనమ్మ నోట విన్నమాట తప్పని అనుకోలేకపోతున్నా.

పాత బడిపంతులు:
మీ ఆట నాకు తెలియదు, కానీ వదిలిపెట్టడం కూడా లెక్కలోకి వస్తుందన్న మాట బావుంది. మీ నాయనమ్మగారిది తప్పని నేను అనలేదు. వేమన పద్యాలు నోటి మీద బతికి తర్వాత తాటాకు ఎక్కాయి, బ్రౌన్ దొర 1829లో అచ్చు వేసేటప్పటికే ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉన్నాయి. పిల్లవాడి చేతిలో ఉప్పూ కర్పూరమూ పెట్టిన ఆవిడ చూడ అనడం కన్నా చవిని అనడమే సహజం. అది ఆవిడ పాఠం.

అత్తరు సీసా:
ఆలస్యంగా వచ్చాను. రుచి అంటే సంస్కృతంలో కాంతి అని ఎవరూ అనలేదేంటి? రుచిరం ఆ ధాతువే కదా. చూడ చూడ రుచుల జాడ వేరు అంటే పరికించగా పరికించగా మెరుపులో తేడా తెలుస్తుంది అని. ఉప్పు పలుకు ఒకలా తళుక్కుమంటుంది, కర్పూరం ఇంకోలా, కాస్త నూనె మెరుపులా. అప్పుడు నాలికే అక్కర్లేదు, పునరుక్తీ లేదు, చవిని అన్న పాఠం దానంతటదే పోతుంది.

గోదారి గట్టు:
ఇది మరీ దూరం. ఆ శ్లేష పెద్దనదైతే ఒప్పుకుంటా. వేమన్నది వంటింటి ఉప్పు. నిఘంటువు తిరగేస్తే గానీ అందని అర్థం ఆయన పెట్టడు. ఆయన బలమే అది కదా, "కొంచెముండుటెల్ల కొదువ గాదు" అన్నవాడు, ఆ పాదంలో ఒక్క మాట అటుంచి ఇటు పెట్టలేం. నాకు ఎంత కష్టంలో ఉన్నా ఆ పాదం ఒకటి చాలు. మీ విటకర్‌కి శీర్షిక కావాలంటే అదే పెట్టండి, ఇక్కడ పేచీ పడే అక్షరమే లేదు.

అత్తరు సీసా:
వంటింటి ఉప్పు సరే, కర్పూరం వంటింటిదా? అది పూజగదిది, రాజుగారి తాంబూలానిది. పద్యంలో ఉన్నది పచ్చకర్పూరమని ఎలా తెలుసు, హారతి కర్పూరమైతే నోట్లో ఎవరు వేసుకుంటారు? వేసుకోరు కాబట్టే చూడ అన్నాడు.

నోవై నుంచి:
కొంచెముండుటెల్ల అనగానే ఒకటి గుర్తొచ్చింది, చెప్పకుండా ఉండలేను. 1985 ఆల్ స్టార్ ఆట మినియాపొలిస్‌లో, విటకర్ తన యూనిఫామ్ ఇంటి దగ్గర కార్లో మర్చిపోయి వచ్చాడు. స్టేడియంలో అభిమానులకి అమ్మే జెర్సీ ఒకటి కొన్నారు, దాని వెనక నంబర్ లేదు, మార్కర్ పెన్నుతో 1 అని రాయించుకుని దేశమంతా చూస్తుండగా అదే వేసుకుని ఆడాడు. ఆ 1 నంబర్‌ని టైగర్స్ ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవించడానికి 2022 దాకా పట్టింది. పక్కన షార్ట్‌స్టాప్ ఆడిన ఆలన్ ట్రామెల్, వీడూ ఒకే రోజు మొదలుపెట్టారు, 1977 సెప్టెంబర్ 9, బోస్టన్‌లో. ఇద్దరూ కలిసి 1918 ఆటలు ఆడారు. ట్రామెల్‌ని 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. 2019 డిసెంబర్‌లో విటకర్ పేరు పాత ఆటగాళ్ళని మళ్ళీ పరిశీలించే కమిటీ ముందుకొస్తే 16 మందిలో 6 ఓట్లు పడ్డాయి, కావాల్సింది 12.

ఛందోభిమాని:
ఆ ఇద్దరి ఆట పాత వీడియోల్లో నేనూ చూశాను, మా అబ్బాయి చూపించాడు. షార్ట్‌స్టాప్ బంతి విసిరేలోపు ఇతను వచ్చి బేస్ మీద కాలు అలా ఆనించీ ఆనించకుండా తిరిగి మొదటి బేస్‌కి విసరడం చూస్తే నాకు పోతన్న లక్ష్మీదేవి గుర్తొచ్చింది. "అడుగిడు, నడుగిడదు" అన్నాడే, "జడిమ నడుగిడు నెడలన్" అని. ఆ కందంలో డకారం ఒక్కోటీ ఒక అడుగు, ఒక చోట ముందుకు, ఒక చోట ఆగి. చదివితే కాళ్ళు కనపడతాయి. తెలుగులో ఇంకెవరూ అక్షరంతో నడిపించలేదు, పోతన్న ఒక్కడే.

పాత బడిపంతులు:
ఆయన గురించి మొదలుపెడితే తెల్లారుతుంది. "సిడిముడి తడఁబడ" దగ్గర అరసున్న ఎక్కడ పలకాలో మా పిల్లలకి చెప్పడానికే ఒక పీరియడ్ పట్టేది.

రిగ్లీ పక్కన:
కాలు సంగతి వచ్చింది కాబట్టి, శాండ్‌బర్గ్ 1989, 90 కలిపి వరసగా 123 ఆటలు ఫీల్డింగ్‌లో ఒక్క తప్పు లేకుండా ఆడాడు, అదీ లెక్కలో వెయ్యండి. ఇంకోటి, అన్నగారి ఉపమానంలో నాకు నచ్చనిది ఒకటుంది. కొంచెముండుట అంటే శాండ్‌బర్గ్ ఆడంబరం మనిషి అని వస్తోంది. వాడూ నోరు విప్పని మనిషే. 2005లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో మాట్లాడినప్పుడు ఆటని గౌరవించాలన్న ఒక్క మాట చుట్టూనే తిరిగాడు.

గోదారి గట్టు:
అయితే ఇద్దరిలో ఉప్పు ఎవరు, కర్పూరం ఎవరు అన్నది అంత తేలిక కాదన్నమాట. అందరూ కర్పూరం గొప్పదనుకుంటారు. కర్పూరం వెలిగినంతసేపు గది నిండిపోతుంది, 1984 లాగా. ఉప్పు విటకర్ ఆడిన పంతొమ్మిదేళ్ళలాగా రోజూ కూరలో ఉంటుంది, లేనప్పుడే తెలుస్తుంది. వేమన ఎవరు ఎక్కువో చెప్పలేదు, వేరు అన్నాడంతే.

పాత బడిపంతులు:
చెప్పలేదా? తర్వాతి పాదంలో పుణ్యపురుషులు అన్నాడు కదా. ఎక్కువ తక్కువ లేకపోతే పుణ్యం ఎందుకొచ్చింది.

నోవై నుంచి:
నేను ఇప్పటికి చూడ చూడ అని శీర్షిక పెట్టి, మొదటి పేరాలో నాయనమ్మ చవిని కూడా రాశా. ఱ పెట్టా మాస్టారూ. విటకర్‌ని ఏ పక్కన పెట్టాలో మాత్రం రాయలేదు, ఆ పేరా ఖాళీగా ఉంది.

అత్తరు సీసా:
మొదటి పాదం సరిచూసుకున్నారా? మా ఇంట్లో "కప్పురంబు లొక్క" అని చదివేవారు. రెండు వస్తువులు కాబట్టి బహువచనం, అందుకని లొ. మీరు నొ అని రాశారేమో.

ఛందోభిమాని:
నొ యే. అది సముచ్చయం ను, రెంటినీ కలిపి చెప్పేది. యతికి రెంటిలోనూ ఒకారమే కాబట్టి ఛందస్సు ఇక్కడా తేల్చదు.

పాత బడిపంతులు:
సముచ్చయమైతే ఉప్పుకీ ను ఉండాలి, ఉప్పును కప్పురంబును అని. ఒకదానికే ఎలా పెడతాడు? ఇంకోటి, మూడో పాదం "పురుషులందుఁ బుణ్యపురుషులు" అని రాశారా, లేక పుణ్య అనే ఉంచేశారా?