రాత్రిపూట కారు చార్జింగ్ పెడితే కరెంటు రేటు తగ్గుతుందా? (చిత్తూరు)

గ్రీమ్స్‌పేట మెడికల్స్:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేటలో మందుల షాపు. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో నెక్సాన్ ఈవీ తీసుకున్నాను, 30.2 యూనిట్ల బ్యాటరీ ఉండే పాత మోడల్. స్టాకు కోసం తిరుపతికి, అప్పుడప్పుడు వేలూరుకి తిరుగుతుంటాను. బండి మీద నాకే కంప్లైంటూ లేదు. నా టెన్షనంతా కరెంటు బిల్లుతోనే.

ఇంట్లో నెలకు 220 యూనిట్ల దగ్గర ఆగేది. కారు వచ్చాక 400 దాకా పోతోంది. యూనిట్లు రెట్టింపు కూడా కాలేదు గానీ బిల్లు మాత్రం రెండున్నర రెట్లయింది. మా ఆవిడ ఆ బిల్లును ఫ్రిజ్ తలుపుకు అతికించి పెట్టింది, నీళ్ళు తాగడానికి పోయినప్పుడల్లా నా కంట పడాలని.

మా బావమరిది ఇంగ్లండులో రీడింగ్‌లో ఉంటాడు. వాడికీ ఎలక్ట్రిక్ కారే. "బావా, నాకు రాత్రి పదకొండున్నర నుంచి పొద్దున ఐదున్నర దాకా యూనిట్ ఏడు పెన్నీలే. పగలైతే దానికి మూడు నాలుగింతలు. మీకు అట్లాంటి ప్లాన్ లేదా?" అంటాడు. ఆక్టోపస్ అనే కంపెనీ కారున్నవాళ్ళ కోసమే ఇచ్చే ప్లానట. కారు ఎప్పుడు చార్జ్ కావాలో కూడా కంపెనీ వాళ్ళే చూసుకుంటారట, వీడు ప్లగ్గు పెట్టి పడుకోవడమే.

నేను కూడా రాత్రి షాపు మూసొచ్చి పదకొండు దాటాకే పెడుతున్నాను. దానివల్ల పైసా కలిసొస్తుందా, ఊరికే మేలుకోవడమేనా? కారుకు వేరే మీటరు పెట్టించుకోమని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ ఆపరేటర్, తిరుపతి:

తమ్ముడూ, పైసా కూడా కలిసిరాదు. సబ్‌స్టేషన్లో షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే చెబుతా, ఓపిగ్గా చదువు.

మన ఇంటి మీటరు గంటలు లెక్కపెట్టదు. రాత్రి రెండింటికి వాడినా, సాయంత్రం ఏడింటికి వాడినా దానికి ఒకటే యూనిట్. నెల మొత్తానికి ఎన్ని తిరిగాయన్నదే బిల్లుకు ముఖ్యం. 2025-26 టారిఫ్ ఆర్డర్ (కరెంటు రేట్ల ఉత్తర్వు) ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు 1.90, అక్కణ్ణుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఏ శ్లాబులో పడిన యూనిట్లకు ఆ శ్లాబు రేటే.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. 220 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 987 రూపాయలు. 400 అయితే 2,548. అంటే కారు తాగిన 180 యూనిట్లకు 1,561, యూనిట్‌కు దగ్గర దగ్గర 8.70. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు, డ్యూటీ (కరెంటు మీద పన్ను) ఇందులో కలపలేదు. ఇంటి వాడకం చవక శ్లాబులన్నీ ముందే తినేసింది, కారు వచ్చి 8.75 శ్లాబులో కూర్చుంది. నీ బిల్లు రెండున్నర రెట్లయింది ఇందుకే. నువ్వు చార్జింగ్ పెట్టే టైముతో దానికి సంబంధం లేదు.

ఇంకోటి. మీ బావమరిది ఏడు పెన్నీలను రూపాయల్లోకి మార్చి చూశావా? పౌండు 115 అనుకున్నా 8 రూపాయలు దాటుతుంది. వాళ్ళ చవక రాత్రి రేటూ, మన ఖరీదైన శ్లాబూ ఇంచుమించు ఒకటే. అతని పగటి రేటుకు నువ్వు చార్జింగ్ పెడితే ఫ్రిజ్ తలుపు చాలదు, బీరువాకు కూడా అతికించాలి.

వాళ్ళకు రాత్రి ఎందుకు చవకో కూడా చెప్పాలి. అక్కడ అర్ధరాత్రి వాడకం పడిపోతుంది, అణు కేంద్రాలు, ఇప్పుడైతే గాలిమరలు కూడా, నడుస్తూనే ఉంటాయి. మిగిలే కరెంటును అమ్ముకోవడానికి 1978లోనే ఎకానమీ 7 అని ఏడు గంటల రాత్రి రేటు పెట్టారు. కార్ల ప్లాన్లు దాని మనవళ్ళే. ఇప్పుడైతే స్మార్ట్ మీటరు అరగంటకోసారి రీడింగ్ నమోదు చేసి కంపెనీకి పంపుతుంది కాబట్టి కంపెనీకి పని సులువు.

మన దగ్గర లెక్క తిరగబడింది. మిగులు పగలుంది. ఎండ కాస్తున్నంతసేపూ సోలార్ కరెంటు వచ్చి పడుతుంటుంది. ఒకప్పుడు రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని మోటారు వేయడానికి పొలానికి పోయేవాడు, ఇప్పుడు వ్యవసాయ ఫీడర్లకు (పొలాలకు పోయే కరెంటు లైన్లకు) పగలే 9 గంటలు ఇస్తున్నారు. పొద్దు గూకగానే సోలార్ సున్నా. సరిగ్గా అప్పుడే ఇళ్ళల్లో లైట్లు, టీవీలు, ఏసీలు మొదలవుతాయి. కరెంటు కొనీ అమ్మే పవర్ ఎక్స్చేంజీలో మధ్యాహ్నం యూనిట్ రెండు మూడు రూపాయలకు పడిపోయే రోజులున్నాయి, రాత్రయ్యాక 10 రూపాయల సీలింగును (అంతకు మించకూడదన్న పరిమితిని) తాకే రోజులూ ఉన్నాయి. డ్యూటీలో ఉన్నప్పుడు సాయంత్రం ఆరయ్యిందంటే మా కళ్ళు అమ్మీటరు మీదే ఉండేవి. అర్ధరాత్రి దాటాక లోడు తగ్గేమాట నిజమే గానీ, అప్పుడు నడిచేది ఎక్కువగా బొగ్గు. అది పగటి సోలార్ అంత చవక కాదు.

అందుకే మనకు ఎప్పుడైనా టైమును బట్టి రేటు వచ్చిందంటే అది మధ్యాహ్నం రేటే అవుతుంది. 2023 జూన్‌లో కేంద్రం నిబంధనలు సవరించింది. సోలార్ వేళల్లో మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని, పీక్ వేళల్లో, అంటే వాడకం బాగా ఎక్కువుండే వేళల్లో, ఇళ్ళకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలని అందులో ఉంది. వ్యవసాయం తప్ప మిగతా వాళ్ళకు 2025 ఏప్రిల్ నుంచి అన్నారు, కానీ స్మార్ట్ మీటరు పెట్టాకే వర్తిస్తుంది. ఇళ్ళకు స్మార్ట్ మీటర్లంటే మన దగ్గర ఎంత గొడవో నీకూ తెలుసు. కేరళలో నెలకు 250 యూనిట్లు దాటిన ఇళ్ళకు ఇప్పటికే ఈ పద్ధతి ఉంది, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా వాత పడుతుంది.

ఎమ్మార్‌పల్లి ఫ్లాట్:

ఆపరేటర్ గారు చెప్పింది కరెక్టే సార్, కానీ మందుల షాపు అన్న రాత్రి పెట్టడం మానక్కర్లేదు. రేటు కలిసిరాకపోయినా వోల్టేజీ కలిసొస్తుంది. ఎండాకాలం సాయంత్రం మా వీధిలో అందరి ఏసీలూ ఒక్కసారి మొదలైతే వోల్టేజీ కిందికి జారుతుంది, నా చార్జరు మధ్యలో ఆగిపోయి ఎర్రలైటు వేసుకొని కూర్చుంటుంది. పదకొండు దాటాక పెడితే పొద్దున దాకా ఏ గోలా లేదు. నిద్ర మానుకొని పెట్టక్కర్లేదన్నా, కారు స్క్రీన్లోనో యాప్‌లోనో చార్జింగ్ టైము పెట్టుకొనే వీలుందేమో చూడు. లేకుంటే టైమర్ ఉన్న స్విచ్చి దొరుకుతుంది, లోడుకు తగ్గది చూసి తీసుకో.

రేటు కంటే ముందు సాకెట్టు చూసుకో. కారుతో వచ్చే 3.3 కిలోవాట్ల చార్జరు 14 ఆంపియర్లు లాగుతుంది. గీజరైతే పావుగంటలో ఆపేస్తాం, ఇది రాత్రంతా లాగుతూనే ఉంటుంది. చార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి తీసేసేంత వేడిగా ఉన్నా, పిన్ను గోధుమరంగుకు తిరిగినా ఆ సాకెట్టు వద్దు. మీటరు దగ్గర్నుంచి కారు దాకా వేరే 4 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చి), మంచి ఎర్తింగు ఉండాలి. మా అపార్ట్‌మెంటులో ఎర్తు గుంత ఎండిపోయి ఉండేది, ఉప్పు, బొగ్గు వేసి నీళ్ళు పోసేదాకా నా చార్జరు ఎర్త్ ఫాల్ట్ అని మొరాయించింది.

తిరుమలకు పోయొస్తుంటావా? దిగేటప్పుడు రీజెన్ (బ్రేకు వేగాన్ని మళ్ళీ కరెంటుగా మార్చే సెట్టింగు) ఎక్కువలో పెట్టుకో. అలిపిరికి వచ్చేసరికి బ్యాటరీ ఒకట్రెండు శాతం పెరిగి ఉంటుంది. ఆ యూనిట్లకు ఏ శ్లాబూ లేదు.

పద్మావతిపురం టీచర్:

మా ఇంట్లో మేడమీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. కేంద్రం ఇంటి సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ వచ్చింది. ఎండను బట్టి నెలకు 350 యూనిట్ల దాకా ఇస్తుంది. తమ్ముడి కారు తాగేదాని కంటే ఎక్కువే. నెట్ మీటరింగ్ కాబట్టి మధ్యాహ్నం మిగిలింది లైనులోకి పోతుంది, రాత్రి మేము వాడుకున్నది అందులోంచి తీసేస్తారు. అందువల్ల మాకైతే ఇప్పటికి పగలు చార్జింగైనా రాత్రి చార్జింగైనా ఒకటే లెక్క. రేపు టైమును బట్టి రేట్లు వస్తే మా సోలార్ యూనిట్‌కూ, రాత్రి వాడిన యూనిట్‌కూ విలువ ఒకటే ఉంటుందా అన్నది నాకు అనుమానం. అందుకే ఆదివారాలు, సెలవు రోజుల్లో పగలే పెట్టే అలవాటు చేసుకున్నాను.

ప్రభుత్వం మనసు ఎటుందో తెలియాలంటే 2024 సెప్టెంబరు మార్గదర్శకాలు చూడండి. పబ్లిక్ చార్జింగ్ స్టేషన్లకు పగలు 9 నుంచి 4 దాకా ఇచ్చే కరెంటుకు సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతు అన్నారు. పగలు వాడండి బాబూ అని బతిమాలుకుంటున్నట్టే ఉంది.

గ్రీమ్స్‌పేట మెడికల్స్:

చాలా థ్యాంక్స్ అన్నా, సార్, అక్కా. బావమరిదికి రూపాయల లెక్క పంపించాను, చూశాడు గానీ ఇంకా జవాబు లేదు. మా మేడమీద పక్కింటివాళ్ళ వేపచెట్టు నీడ సగం పడుతుంది, అందుకని సోలార్ కష్టం. పగలు కారు షాపు ముందుంటుంది, అక్కడి మీటరు కమర్షియల్. సార్, ఇక నాకు మిగిలింది వేరే మీటరే. దానివల్ల నిజంగా మిగులుతుందా?

రిటైర్డ్ ఆపరేటర్, తిరుపతి:

షాపు మీటరు జోలికి పోవద్దు, దాని రేటు ఇంటికంటే మండిపోతుంది.

వేరే మీటరు సంగతి. ఈవీ చార్జింగ్‌కు మన టారిఫ్ ఆర్డర్‌లో విడి కేటగిరీ ఉంది, యూనిట్ 6.70, శ్లాబుల్లేవు. కారు కోసం వేరే కనెక్షన్ అడగొచ్చని 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనల్లో స్పష్టంగా ఉంది. నీ 180 యూనిట్లకు 1,206 అవుతుంది. ఇప్పుడు కడుతున్నదానికంటే 355 తక్కువ. మే నెలలో ఇంటి వాడకం 300కు పోయిందనుకో, కారు యూనిట్లు 9.75 శ్లాబులోకి కూడా ఎక్కుతాయి, అప్పుడు తేడా దాదాపు 450.

కొత్త సర్వీసుకు డిపాజిట్, డెవలప్‌మెంట్ చార్జీలు, మీటరు బోర్డు, వైరింగు ఖర్చులుంటాయి. ఎస్టిమేట్ చేతికి వచ్చాక దాన్ని ఈ 355తో భాగించు. రెండేళ్ళలోపు తేలితే పెట్టించు. నెలకు 100 యూనిట్లే తిరిగే కారైతే నేను వద్దనే చెప్పేవాణ్ణి. నీది తిరుగుడు బండి, నీకు గిట్టుతుందనే నా ఉద్దేశం. దరఖాస్తులో ఈవీ చార్జింగ్ అని కేటగిరీ రాయించు. ఇంటి పేరుతో రెండో డొమెస్టిక్ సర్వీసు అని రాసుకుంటే మళ్ళీ శ్లాబుల్లోనే పడతావు.

ఎటూ తేల్చుకోలేకపోతే ముందు నీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (నీ కనెక్షన్‌కు ఒప్పుకున్న లోడు) ఎంతుందో చూడు. పాత ఇళ్ళకు 1, 2 కిలోవాట్లే ఉంటుంది. కారు ఒక్కటే 3.3 లాగుతోంది కాబట్టి, వేరే మీటరు పెట్టినా పెట్టకపోయినా అదనపు లోడు నోటీసు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇదే మీటరు మీద ఉండాలనుకుంటే నువ్వే ముందుగా లోడు పెంచమని దరఖాస్తు పెట్టు. కిలోవాట్‌కు ఫిక్స్‌డ్ చార్జీ నెలకు 10 రూపాయలే.

గ్రీమ్స్‌పేట మెడికల్స్:

బిల్లు చూశాను సార్, 2 కిలోవాట్లు అనుంది. ఈవీ కేటగిరీలోనే కొత్త సర్వీసుకు పెడతాను. ఎస్టిమేట్ రాగానే ఎంతయిందో ఇక్కడ రాస్తాను.