లాటినోల చరిత్ర మీద పరిశోధన పుస్తకాలు: ఏది ముందు చదవాలి?

డాలస్_బాబాయ్:
లాటినోలంటే మెక్సికో, క్యూబా లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్న అమెరికావాళ్లు. మేముండే వీధిలో సగం ఇళ్లు మెక్సికన్ మూలాలవాళ్లవి. మా అబ్బాయి ఏడో తరగతి. టెక్సాస్ చరిత్ర చదువుతున్నాడు. 1836లో మెక్సికో సైన్యంతో జరిగిన అలామో కోట యుద్ధం గురించి గడగడా చెప్తాడు గానీ, ఆ తర్వాత ఇక్కడి మెక్సికన్లు ఏమయ్యారని అడిగితే వాడికీ తెలీదు, నాకూ తెలీదు. నవలలు, వీడియోలు వద్దు. అసలైన పరిశోధన ఉండాలి, కానీ మనలాంటివాళ్లు చదవగలిగేలా ఉండాలి. చదివినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక_కుర్రాడు:
హువాన్ గొంజాలెజ్ ‘హార్వెస్ట్ ఆఫ్ ఎంపైర్’తో మొదలుపెట్టండి బాబాయ్. 2000లో వచ్చింది, తర్వాత కొత్త విషయాలు కలిపి మళ్లీ వేశారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది: వీళ్లు అమెరికాకి రావడానికి ముందే అమెరికా సైన్యం, కంపెనీలు వీళ్ల దేశాలకి వెళ్లాయి. అమెరికాతో యుద్ధం ముగించిన 1848 ఒప్పందంతో మెక్సికో సగానికి పైగా భూమి పోగొట్టుకుంది. 1898లో కరీబియన్ దీవి ప్యూర్టో రికో అమెరికా చేతికొచ్చింది, 1917లో అక్కడివాళ్లకి పౌరసత్వం ఇచ్చారు. ప్యూర్టో రికన్లు, మెక్సికన్లు, క్యూబన్లు, డొమినికన్లు, ఇలా ఒక్కొక్కళ్లకి ఒక్కో అధ్యాయం.

పాత_పేజీలు:
మంచి పుస్తకమే, కాదనను. కానీ రాసింది పత్రికా విలేకరి. బాబాయ్ గారు అడిగింది టెక్సాస్ గురించి కాబట్టి నా ఓటు డేవిడ్ మాంతెహానోకి. ‘ఆంగ్లోస్ అండ్ మెక్సికన్స్ ఇన్ ద మేకింగ్ ఆఫ్ టెక్సాస్’, 1987. వివక్ష ఉందని చెప్పి ఊరుకోడు, ఎక్కడ ఏ రకంగా ఉందో, ఎందుకలా ఉందో చూపిస్తాడు. పశువుల ర్యాంచీలున్న చోట పాత దొర-పాలేరు సంబంధాలు కొంతకాలం నడిచాయి. 1904లో మెక్సికో సరిహద్దు పక్కనున్న రియో గ్రాండే లోయకి రైలు రాగానే ర్యాంచీలు చీల్చి వ్యాపార పంటలు వేశారు. కొత్త రైతులకి కావలసింది చవక కూలీలు. అక్కడే బడులు విడిపోయాయి, పేటలు విడిపోయాయి. పంట మారితే మనుషుల మధ్య మర్యాదలు ఎలా మారతాయో ఇంత వివరంగా రాసినవాళ్లు తక్కువ. మధ్యలో కొన్ని అధ్యాయాలు బరువే, ఓపిక పట్టాలి.

నల్గొండ_నుంచి:
అకున్యా ‘ఆక్యుపైడ్ అమెరికా’ ఎవరూ చెప్పలేదేంది? 1972 నాటిది, చికానోల, అంటే మెక్సికన్ మూలాల అమెరికన్ల, చరిత్రకి పాఠ్యపుస్తకం లాంటిది. అరిజోనా 2010లో చేసిన చట్టం దెబ్బకి టూసాన్ బడుల్లో మెక్సికన్ అమెరికన్ కోర్సు 2012లో మూతబడ్డది. క్లాసుల నుంచి తీసేసిన పుస్తకాల్లో ఇదీ ఉంది. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని 2017లో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చిండు. పుస్తకంలో కోపం ఎక్కువే. ఉండాల్సినంతే ఉందని నా అభిప్రాయం.

ఫ్రెస్నో_పిన్ని:
మీరందరూ వదిలేసిన పుస్తకం ఒకటుంది. కారెన్ లియోనార్డ్ ‘మేకింగ్ ఎథ్నిక్ చాయిసెస్’, 1992. కాలిఫోర్నియాలోని పంజాబీ-మెక్సికన్ కుటుంబాల గురించి.

పంజాబ్ నుంచి వచ్చిన మగవాళ్లు ఇంపీరియల్ లోయలో పత్తి పండించేవారు. 1917 వలస చట్టంతో దేశం నుంచి భార్యల్ని తెచ్చుకునే దారి మూసుకుపోయింది. తెల్లవాళ్లని పెళ్లాడటానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. మెక్సికో విప్లవం తర్వాత ఆ పత్తి చేలల్లోకే మెక్సికన్ కుటుంబాలు పనికొచ్చాయి. పెళ్లి లైసెన్సులిచ్చే గుమస్తాల కంటికి ఇద్దరి రంగూ ఒకటే, పెళ్లిళ్లు జరిగిపోయాయి. పిల్లల పేర్లు స్పానిష్, ఇంటిపేరు సింగ్. అమ్మతో చర్చికి వెళ్లేవాళ్లు, అయినా తాము ‘హిందూ’ అనే చెప్పుకునేవాళ్లు. అక్కడ ఆ రోజుల్లో మన దేశంవాళ్లందరినీ అలాగే పిలిచేవారు, సిక్కులైనా ముస్లింలైనా సరే. 1965లో వలస చట్టం మారాక పంజాబ్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఈ కుటుంబాలని తమవాళ్లుగా ఒప్పుకోలేదు. ఆ భాగం నన్ను బాగా కుదిపింది.

ఇంకో సంగతి. ఈవిడ అంతకుముందు పరిశోధించింది మన హైదరాబాద్ కాయస్థుల మీద! ఆ పుస్తకం 1978లో వచ్చింది. తర్వాత విదేశాల్లోని హైదరాబాదీల మీదా రాసింది.

పాత_పేజీలు:
పిన్నిగారూ, అది లాటినో చరిత్ర కిందికి వస్తుందంటారా? దక్షిణాసియా వలసల అరలో పెడతారు కదా.

ఫ్రెస్నో_పిన్ని:
అర సంగతి లైబ్రరీవాళ్లు చూసుకుంటారులే బాబూ. ఆ ఇళ్లు నడిపింది మెక్సికన్ ఆడవాళ్లు. పిల్లలకి జ్ఞానస్నానపు తల్లిదండ్రుల్ని ఏర్పాటు చేసి చుట్టరికాలు కలిపింది వాళ్లే. వాళ్లది కాకపోతే ఇంకెవరిదా చరిత్ర?

కృష్ణలంక_కుర్రాడు:
ఇది నచ్చితే వివేక్ బాల్డ్ ‘బెంగాలీ హార్లెమ్’ (2013) కూడా చూడండి. ఓడల్లోంచి దిగి న్యూయార్క్‌లో కలిసిపోయిన బెంగాలీ ముస్లింలు, వాళ్లని పెళ్లాడిన ప్యూర్టో రికన్, నల్లజాతి ఆడవాళ్లు. చదవడం తేలిక.

సీమ_రెడ్డి:
పాటలంటే ఇష్టమున్నోళ్లకి అమెరికో పరేదెస్ పుస్తకం ‘విత్ హిజ్ పిస్టల్ ఇన్ హిజ్ హ్యాండ్’. 1958లో వచ్చింది. 1901లో టెక్సాస్‌లో షెరీఫ్‌ని కాల్చి, గుర్రమెక్కి సరిహద్దు వైపు పారిపోయిన గ్రెగోరియో కోర్తెజ్ కథ, ఆయన మీద జనం కట్టుకున్న కొరీదో పాట. మా రేనాట్లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద పాట ఉన్నట్టే. సర్కారు కాగితాల్లో హంతకుడు, పాటలో వీరుడు. టెక్సాస్ రేంజర్లని, అంటే ఆ రాష్ట్ర సాయుధ పోలీసుల్ని, అందరూ పొగిడే రోజుల్లో పరేదెస్ ఎదురు రాసినాడు, అందుకే నాకు గౌరవం.

నల్గొండ_నుంచి:
ఇవి ఇక్కడ దొరుకుతయా ఎక్కడన్నా? కొందామంటే యూనివర్సిటీ ప్రెస్ రేట్లు చూసి గుండె ఆగుతున్నది.

పాత_పేజీలు:
ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ సెంటర్ ఉంది కదా, ఇప్పుడు పేరు మారింది. పాత అమెరికన్ పుస్తకాలకి అది మంచి చోటు. సభ్యత్వం, వేళలు ముందే కనుక్కుని వెళ్లండి. బాబాయ్ గారికి ఆ బెంగ లేదు. ఊరి లైబ్రరీలో ఇంటర్‌లైబ్రరీ లోన్ అని అడిగితే వేరే చోట్ల నుంచి తెప్పిస్తారు.

డాలస్_బాబాయ్:
అందరికీ దండాలు. మాంతెహానో, లియోనార్డ్ రెండూ తెప్పిస్తున్నాను. మయామీలో మా బావమరిది ఉన్నాడు, క్యూబన్ల మీద అడుగుతున్నాడు. ఏమన్నా ఉందా?

ఫ్రెస్నో_పిన్ని:
మరియా క్రిస్టినా గార్సియా ‘హవానా యూఎస్ఏ’, 1996. 1959 నుంచి 1994 దాకా. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి జనం పడవల్లో వచ్చిన అధ్యాయం ముందు చదవమనండి.