కోసి వరద హెచ్చరికలు చూసుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది భద్రాచలం. బ్యాంకు ఉద్యోగం మీద బీహార్‌లోని సుపౌల్ జిల్లాకు వచ్చి ఏడాది దాటింది. కోసి నది గురించి తెలిసినవాళ్లుంటే కాస్త సాయం చేయండి.

మా ఊళ్లో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. ఇక్కడేమో అంతా క్యూసెక్కుల లెక్కే. 2024 సెప్టెంబరు చివర్లో బ్యారేజీ నుంచి 6.61 లక్షల క్యూసెక్కులు వదిలారు, 1968 తర్వాత అదే ఎక్కువ. కానీ 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కట్ట తెగినప్పుడు నదిలో రెండు లక్షలు కూడా లేవు! మరి ఈ అంకె చూసి ఏం లాభం? మా ఇంటి ఓనర్ గారైతే గోడ మీద ఛాతీ ఎత్తున ఉన్న మరక చూపించి, "నీళ్లను కాదు బాబూ, కట్టను చూసుకో" అంటారు.

బ్యారేజీ ఉన్నది నేపాల్ నేల మీద. 1954 ఒప్పందం వల్ల దాని 56 గేట్లు నడిపేది మాత్రం బీహార్ ఇంజినీర్లు. అసలు ఎగువన చతరా దగ్గర నీటిమట్టం పెరిగితే బ్యారేజీకి ఎన్ని గంటల్లో వస్తుంది? నేపాల్ వాళ్ల రీడింగులు మనలాంటి మామూలు జనం ఎక్కడ చూడొచ్చు? కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో ఎవరైనా బయటికి చెప్తారా, లేక రెండు దేశాల ఆఫీసుల మధ్యే ఉండిపోతుందా?

జూన్‌లోపు తెలిస్తే అమ్మను ఇక్కడికి తీసుకురావాలా వద్దా తేల్చుకుంటాను. ఒకటే టెన్షన్‌గా ఉంది.