అప్‌డేట్: ఇరకం దీవికి వెళ్లొచ్చాం

నెల్లూరు నుంచి పొద్దున బయల్దేరి, పడవ ఎక్కి, కాసేపు నడిచి, రాత్రికి ఇల్లు చేరే చోటు చెప్పమని అడిగాను కదా. పులికాట్ సరస్సులోని ఇరకం దీవి చెప్పినవాళ్లకు చాలా థ్యాంక్స్. ఆ దీవి ఉన్న తడ మండలం 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, మాకు అదింకా మన నెల్లూరే.

శనివారం రాత్రి మా వాడికి ఫోన్ చేసి "రేపు పోదాం రా" అన్నాను, వచ్చేశాడు. రైల్లో తడ, అక్కణ్ణుంచి ఆటోలో భీమునివారిపాళెం రేవు. పడవలో మాతో పాటు బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, ఒక బైకు. దీవిలో వాళ్లకు అదే బస్సు, అదే లారీ. లోతు తగ్గిన చోట ఇంజన్ ఆపి గడకర్రతో నెట్టారు.

దూరంగా ఫ్లెమింగోలు. తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, ముక్కుతో నీటిని వడగట్టుకుంటూ మేస్తున్నాయి. గుంపు లేచిందంటే చాలు, అప్పటిదాకా తెల్లగా కనిపించినవి రెక్కల కింద ఎర్రగా, అంచుల్లో నల్లగా! మా వాడు ఫోన్ తీయడమే మరిచిపోయాడు.

దీవిలో ఇసుక దారుల్లో నడిచాం. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన "ఎండలో ఏం తిరుగుతారు నాయనా" అని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

వెళ్లేవాళ్లు దిగగానే తిరుగు పడవ ఎప్పుడో అడగండి. పక్షుల కోసమైతే చలికాలమే మేలు. ఈసారి మా అమ్మను తీసుకెళ్తాను.